సీయోనమ్మ పిలుపు

ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే దైవాధీనం అయ్యగారు ముందు నిఘంటువు మూసేసేవారు. బైబిలు పాఠశాలలో మాకు గ్రీకు చెప్పే గురువు ఆయనే కాబట్టి, పరీక్షల ముందు ఈ అలవాటు మాకు కొంచెం ఇబ్బందిగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఫిలేమోను అనే మా తోటి విద్యార్థి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల ఊళ్లో సంఘం రెండుగా చీలింది. విడిపోయినవాళ్లు కొత్త మందిరం కట్టుకుని, ప్రతిష్ఠ రోజున వాక్యం చెప్పడానికి ఇతన్ని రమ్మన్నారు. అసలు సంఘం తమదేనని గ్రీకులో రుజువు చేసిపెట్టమన్నది వాళ్ల కోరిక. కుర్రాణ్ణి చదివించినందుకు ఊరివాళ్లు ఆ మాత్రం ఫలం ఆశించడంలో వింత లేదు.

"అయ్యగారూ, సంఘం అన్నచోటల్లా గ్రీకులో ఎక్లేసియా అని ఉంది. ఒక పుస్తకం దాన్ని సభ అంటుంది. ఇంకొకటి బయటికి పిలవబడినవాళ్లు అంటుంది. మన జనం మందిరాన్నే సంఘం అనుకుంటారు. ఇందులో ఏది ఖాయం చేసుకోమంటారు?" అని అడిగాడు.

అయ్యగారు నిఘంటువు మూశారు. వయసులో ఉన్నప్పుడు తాను సంఘ కాపరిగా వెళ్లిన ఊరి సంగతి ఒకటి చెప్పారు. నాకు గుర్తున్నంతలో అది ఇది.

ఆ ఊరు ఉప్పుటేటి పక్కన ఉంది. ఎగువ వీధి, దిగువ వీధి, వాటి మధ్య మందిరం. మందిరానికి గంట లేదు. గంట కొనే స్తోమత లేని రోజుల్లో పిలవడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు, స్తోమత వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆ మనిషి సీయోనమ్మ. ఆదివారం పొద్దున్నే దిగువ వీధి చివరి ఇంటి దగ్గర మొదలుపెట్టి, గడప గడపకూ ఆగి, లోపలివాళ్లను పేరుపేరునా పిలిచేది. పిలుపు అందుకున్నవాళ్లు బయటికి వచ్చి ఆమె వెనకే నడవాలి. ఎవరికి వారు ముందుగా వెళ్లి మందిరంలో కూర్చోవడం అక్కడ మర్యాద కాదు. రెండు వీధులూ తిరిగేసరికి ఊరంతా ఆమె వెనక ఉండేది, అప్పుడు అందరూ కలిసి మెట్లెక్కేవారు. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. సీయోనమ్మకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఆడవాళ్లు వంటకు ముందు దేవుడి పేరున తీసిపెట్టే పిడికెడు బియ్యంలోంచి ఆమెకు వారానికి సరిపడా కొలిచి ఇచ్చేవారు. ఆమె తిండి అదే.

మందిరం బాగుచేయించే సమయంలో, కొత్త వాకిలి ఏ వీధివైపు ఉండాలన్న మాట వచ్చింది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయినట్టు అది పెరిగి పెరిగి కోర్టుకెక్కింది, మందిరానికి తాళం పడింది. దిగువ వీధి పెద్ద నెహెమ్యా తన పెరట్లో పందిరి వేయించాడు. ఎగువ వీధి పెద్ద తీతు ఊరుకుంటాడా, నాలుగు తాటాకులు ఎక్కువే వేయించాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుండి, ఒక ఆదివారం అక్కడా ఒక ఆదివారం ఇక్కడా వాక్యం చెబుతూ తాను ఇద్దరికీ మంచివాడినయ్యానని అయ్యగారు దాచకుండా ఒప్పుకున్నారు.

పందిళ్లు లేచిన వారమే, శనివారంనాడు ఇద్దరు పెద్దలూ విడివిడిగా సీయోనమ్మ గుడిసెకు వెళ్లి ఒకే మాట చెప్పారు. రేపటినుంచి మన వీధినే పిలువు, అవతలి గడప ముందు ఆగావంటే బియ్యం ఆగిపోతుంది, సంఘం పుస్తకంలో నీ పేరూ ఉండదు. ఆమె ఇద్దరికీ మంచినీళ్లిచ్చి పంపించింది.

మర్నాడు దిగువ వీధి చివరి ఇంటినుంచే మొదలుపెట్టింది. జనం వెనక చేరారు, నెహెమ్యా కూడా చేరాడు. తన పందిరి రాగానే ఆమె ఆగుతుందని అతని ధీమా. ఆమె ఆగలేదు, ఎగువ వీధిలోకి మళ్లింది. వెనకవాళ్లు నిలబడాలో నడవాలో తేల్చుకునేలోపే కాళ్లు అలవాటు కొద్దీ నడిచేశాయి. ఎగువవాళ్లు పిలుపు విని గడపలోకి వచ్చి, ఆమె వెనక ఉన్నదెవరో చూసి అక్కడే ఆగిపోయారు.

ఆమె తీతు ఇంటి ముందు నిలబడి తీతును పిలిచింది, అతని భార్యను పిలిచింది, చివరికి అతని తల్లి తబితమ్మను పిలిచింది. తబితమ్మ మంచం పట్టి మూడేళ్లయింది. ప్రతివారం లోపలినుంచి "వస్తున్నా" అనేది, వచ్చేది కాదు. ఆ రోజు మాత్రం, "వస్తున్నానంటన్నాగా, ఎవరన్నా మంచం ఎత్తండర్రా" అంది. తీతూ అతని కొడుకులూ అప్పటికే వీధి అవతలి చివర తమ పందిట్లో చాపలు పరుస్తున్నారు. వీధిలో ఉన్న మగవాళ్లంటే నెహెమ్యా, అతనితో వచ్చినవాళ్లే. పెద్దావిడ నోరు తెరిచి ఎత్తమంటే ఎలా కాదనడం? నలుగురు మంచం పట్టుకున్నారు. అది చూశాక ఎగువవాళ్లు గడపలు దిగారు.

మంచాన్ని ఏ పందిట్లోకి తీసుకెళ్లాలో తేలక, తాళం వేసిన మందిరం ముందు దింపారు. కబురు తెలిసి తీతు పరుగున వచ్చాడు. తల్లి మంచం మోసుకొచ్చిన నెహెమ్యాను ఏమీ అనలేక సీయోనమ్మ మీద పడ్డాడు.

"ఎవర్ని పిలవమన్నాం, ఎవర్ని పిలిచావు?"

"నాకొచ్చింది మనుషుల పేర్లు నాయనా. అయ్యే ఇప్పుడు మర్చిపోతన్నాను. ఇంక ఎవరు ఎవరి జట్టో నేనెక్కడ గుర్తెట్టుకునేది?" అంది సీయోనమ్మ.

ఎండెక్కుతోంది, పాట ఎత్తుకోమని తబితమ్మ కేకేసింది. పాడారు. అయ్యగారు ప్రార్థన చేశారు. తాళం సంగతి ఆ పూట ఎవరికీ గుర్తురాలేదు. అలాంటి ఆరాధన మళ్లీ తాను చూడలేదని ఆయన అన్నారు.

ఫిలేమోను ముఖం విప్పారింది. కథ అక్కడ ముగిసి ఉంటే అతనికి మంచి ప్రసంగమే దొరికేది.

"తరవాత కలిసిపోయారా అయ్యగారూ?"

"లేదు. సోమవారంనాడు పెద్దలిద్దరూ అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆ ఒక్క విషయంలో కలిశారు."

రెండు వీధుల సంఘం పుస్తకాల్లోనూ సీయోనమ్మ పేరు కొట్టేశారు. బియ్యం ఆగిపోయింది. నాలుగు రోజులు ఎవరో ఒక ఇల్లాలు చాటుగా ఇంత ముద్ద పెట్టింది. చాటుగా పెట్టే ముద్ద ఎన్నాళ్లు? శనివారం ఆమె చెల్లెలి ఊరికి పడవెక్కింది. కాపరిగా ఉండి తాను ఎవర్నీ నిలదీయలేదనీ, రేవుదాకా ఆమె సంచి మోసి తిరిగొచ్చాననీ అయ్యగారు చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు మా వైపు చూడలేదు.

"మరి ఆ ఆదివారం ఏమైంది?" అని అడిగాడు ఫిలేమోను.

"ఏమీ కాలేదు. ఎవరూ పిలవలేదు. ఎవరికి వారు వేళకు ముందే వచ్చి కూర్చున్నారు. రెండు చోట్లా జనం నిండుగా ఉన్నారు."

"అంటే ఒక సంఘం పోయినా రెండు సంఘాలు నిలిచాయన్నమాట" అన్నాడు ఫిలేమోను.

"రెండు పందిళ్లు నిలిచాయి" అన్నారు అయ్యగారు.