చప్పిడి కూటి శాసనం

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆ ముక్కేమో ఎప్పుడూ వంటింటి వైపే ఉండేది.

ఆయన కొలువులో చమత్కారి తిప్పన. తిప్పన అక్క నాంచారమ్మది నిండుగా పచ్చగా ఉండే పెరడు. వానల్లో వామాకు బజ్జీలు, చలికాలంలో లేత కొత్తిమీర కారం, ఎండలు ముదిరితే బావిగట్టు నీడలో పుదీనా. భర్త పోయాక ఆవిడకు ఆ పెరడే లోకం. అడిగినవాళ్లకు గోడ మీంచి గుప్పెడు ఆకు అందించందే ఆవిడకు పొద్దుపోయేది కాదు.

ఒక వేసవి పూట రాజుగారి పల్లకీ ఆ వీధిన పోతూ పుదీనా పచ్చడి వాసనకు ఆగింది. ఆనాడు కోటలో విందు ఆయనకు రుచించలేదు. లోపం తన వంటశాలదని ఒప్పుకుంటే ఆయన రాజెలా అవుతాడు? వెంటనే శాసనం చేశాడు.

"రాచతోటలో తప్ప ఎవరి నేలలోనూ వాసన ఆకు మొలవరాదు. మొలిస్తే ఆ నేల గలవాడు ఏడాది పాటు ఉప్పూ కారం లేని చప్పిడి కూడు తినాలి!"

భటులు వచ్చి నాంచారమ్మ పెరడంతా పీకేశారు.

"కొలువులో అంతెత్తున కూర్చుంటావు. అక్క పెరడు నిలబెట్టలేకపోయావట్రా!" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

తిప్పనకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, పీకిన పుదీనా వీధిలో పడేస్తే జనం మళ్లీ నాటుకుంటారు. కోటలోకి తెప్పించి గుర్రాలచేత తొక్కించండి."

"భేష్! ఇన్నాళ్లకు నీకు బుద్ధొచ్చింది," అన్నాడు రాజు.

పుదీనా సంగతి ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. గణుపు ఒక్కటి తడిమట్టిలో పడితే చాలు, వేళ్లూనుకుంటుంది. రాజుగారికి ఇల్లాళ్లను అడిగే అలవాటు లేదు. గుర్రాలను కడిగిన నీళ్లలో పడి, డెక్కలకు అంటుకుని, ఆ గణుపులు కోటంతా తిరిగాయి.

తొలకరి కురిసింది. గుర్రపుశాలలో పుదీనా, ఏనుగుల చావడిలో పుదీనా, ఆఖరికి భోజనశాల మెట్ల సందుల్లోనూ పుదీనా!

ఆ మధ్యాహ్నం రాజుగారి బంగారు పళ్లెంలో తిప్పన స్వయంగా వడ్డించాడు. ఉత్త అన్నం, ఉప్పు లేని ఉడికిన సొరకాయ ముక్కలు.

"ఏమిటిది?" రాజు గర్జించాడు.

"తమ శాసనం ప్రభూ. మెట్ల దగ్గర వాసన ఆకు మొలిచింది. అది రాచతోట కాదు. మరి ఆ నేల ఎవరిది?"

"నీ తల తీయిస్తాను!"

"తీయించండి. ముందు ఒక్క ముద్ద తినండి. తమరు తినలేని కూడు జనాన్ని తినమనే అధికారం తమకెక్కడిది? మా అక్క మొక్క పీకించే హక్కు ఎక్కడిది?"

అందరూ చూస్తున్నారు. రాజు ముద్ద నోట పెట్టుకున్నాడు. మింగలేడు, కక్కలేడు.

"ఏడాది పాటు ఇదేనా?" అన్నాడు నీరసంగా.

"అది తమరి మాటే ప్రభూ."

రాజుకు ఒక్కసారిగా నవ్వు పొంగుకొచ్చి, నోట్లోని సొరకాయ కాస్తా మంత్రిగారి తలపాగా మీద పడింది. శాసనం అక్కడికక్కడే రద్దయింది. రాజు తన మెడలోని హారం తీసి తిప్పన మెడలో వేశాడు. నాంచారమ్మకు బండెడు పుదీనా పంపాడు.

ఆవిడ బండిని గుమ్మంలోనే ఆపేసింది.

"నా మొక్కలు నాకిచ్చి బహుమానమంటారా? పీకించినవారినే వచ్చి నాటమనండి."

సాయంత్రానికి పల్లకీ ఆ వాకిట్లో దిగింది. రాజుగారు పంచె ఎగ్గట్టి, బురదలో గొంతుక్కూర్చుని, చివరి మొక్క దాకా నాటారు. అప్పుడు నాంచారమ్మ ఆయనకు పచ్చడన్నం పెట్టింది. అదీ చేతులు కడిగించాకే.