గెడ అందని చోటు

చెన్నబసప్పకు అరల్లో చోటు చాలడం లేదు.

అతను చూసుకునే మఠం గ్రంథాలయంలో నదుల పుస్తకాలు తప్ప మరొకటి ఉండదు. వరదల చరిత్రలు, కాలువల పటాలు, రేవుల పేర్లు, ఏరుల మీద కట్టిన స్తోత్రాలు. అన్నీ అతని గురువు మరిస్వామి నలభై ఏళ్లు కాలినడకన తిరిగి, ఇల్లిల్లూ అడిగి తెచ్చినవి. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠానికి కాశీ పండితులు సైతం వచ్చేవారు. ఒక్కో పటం ముందు పూటంతా కూర్చుండిపోయేవారు.

ఆ యేడు ఒక పండితుడు తన తాళపత్రాలన్నీ మఠానికి ఇచ్చాడు. వాటికి చోటు చేయడానికి చెన్నబసప్ప కింది అరలోంచి జిడ్డు పట్టిన పుస్తకాల కట్ట ఒకటి తీసి గురువు ముందు పెట్టాడు.

"స్వామీ, ఏట్లో పుట్టి నడిపేవాళ్లు గెడ దించి చూసి రాసుకున్న లోతులివి. ఎక్కడ మోకాలు లోతు, ఎక్కడ నిలువు లోతు, అంతే. ఒక్క శ్లోకం లేదు. ఏరు కూడా ఇప్పుడు అలా లేదు. తీసేద్దామా?"

మరిస్వామి ఒక పుస్తకం విప్పి చాలాసేపు చదువుకున్నారు.

రెండేళ్లుగా వానల్లేవు. ఏట్లో ఎటు చూసినా ఇసుకే. మర్నాడు ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మఠానికి వచ్చారు. వాళ్లలో పెద్దది హనుమక్క.

"ఏడు చోట్ల చెలమ తవ్వినాం సామీ. చుక్క పడలేదు. గొడ్లను తోలుకుని ఊరిడిసి పోదామంటున్నారు మగోళ్లు."

గురువు శిష్యుడి వైపు తిరిగారు. "ఆ కట్ట పట్టుకురా నాయనా. మన రేవులో గెడ అందని చోటు ఎక్కడుందో చదువు. అంత లోతు మడుగు ఇసుకతో పూడినా అడుగున నీరు దాగి ఉంటుంది."

చెన్నబసప్ప పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగాడు.

"'నల్లబండకు తూర్పున ఇరవై బారలు. ఎండకాలంలోనూ గెడ అందలేదు. మూడుసార్లు చూసినాను.'"

మరిస్వామి పార భుజాన వేసుకుని ముందు నడిచారు. నల్లబండ దగ్గర్నుంచి బారలు కొలిచి, అందరూ తవ్వడం మొదలుపెట్టారు. నడుము లోతు దాకా పొడి ఇసుక. ఛాతీ లోతు దాకా పొడి ఇసుక. ఇద్దరు పారలు కింద పెట్టేశారు. గురువు తవ్వుతూనే ఉన్నారు. పక్కన చెన్నబసప్ప అరచేతులు బొబ్బలెక్కాయి.

నిలువు లోతు దాటాక ఇసుక రంగు మారింది. కాసేపటికి అడుగున నీరు ఊరింది.

తేటపడ్డాక హనుమక్క మొదటి చెంబు ముంచి గురువుకు అందించబోయింది. ఆయన తీసుకోలేదు.

"ఈ చోటు చూపించింది నేను కాదమ్మా" అని, శిష్యుణ్ణి అడిగారు. "ఆ పుస్తకం రాసినాయన పేరేమిటి?"

చెన్నబసప్ప ఇసుక మీద కూర్చుని, చేతులు తుడుచుకుని, వెంట తెచ్చిన పుస్తకంలో చివరి పేజీ తీశాడు. మెల్లగా చదివాడు.

"పుట్టి నడిపే ఉరుకుందు."

మరిస్వామి భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నారు. చేతులు జోడించారు.

"ఇంకాస్త గట్టిగా చదువు నాయనా. ఆయనకు వినపడాలి."

చెన్నబసప్ప లేచి నిలబడ్డాడు.