చెలమ దగ్గర ముందు వంతు

నల్లమల అంచున ఎద్దడుగుల వాగు అని ఒకటుంది. పేరుకే వాగు. ఉగాది దాటిందంటే దాంట్లో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ ఇసుకను మోకాటి లోతు తవ్వితే మాత్రం అడుగున నీళ్ళు ఊరతాయి. అట్లా తవ్విన గుంటనే చెలమ అంటారు. తవ్వడం అందరికీ చేతకాదు. అడవిపందులకు మాత్రం ముట్టెతో పుట్టిన విద్య.

అందుకే ఆ చుట్టుపక్కల జంతువులు ఎండాకాలం గట్టెక్కడానికి ఏనాడో ఒక పొత్తు కుదుర్చుకున్నాయి. పందులు చెలమ తవ్వాలి. కొండముచ్చులు మద్దిచెట్ల చిటారు కొమ్మన కూర్చుని చిరుతపులి వస్తుందేమో చూడాలి, వస్తే కేకేయాలి. దుప్పులు గాలిలో వాసన పట్టాలి. తాగడానికి ఒక వరస. నీళ్ళు బురద చేయనివాళ్ళు ముందు, చేసేవాళ్ళు వెనక. ఆ లెక్కన దుప్పులు ముందు, కొండముచ్చులు తర్వాత, పందులు చివర. పందులలోనూ పిల్లలు తాగిందాకా పెద్దలు గుంటలో దిగకూడదు. ఎవడన్నా తొందరపడి కాలు పెడితే, పైనుంచి కొండముచ్చుల పెద్ద తోకరాజు గద్దించేవాడు. అందరూ తాగాక ఇక చెలమ పందులదే. చీకటి పడేదాకా పొర్లినా అడిగేవాళ్ళు లేరు.

పందుల మందకు పెద్ద కోరసామి. మంచివాడే, కష్టజీవి. జబ్బల్లా ఒక్కటే, పక్కవాళ్ళు బాగుంటే ఆయనకు ఒంట్లో బాగుండదు. రోజూ చెలమ తవ్వి, ముట్టెనిండా ఇసుకతో ఓ పక్కకు జరిగి నిలబడేవాడు. అప్పుడు చుక్కమ్మ అనే ఆడదుప్పి సన్నటి కాళ్ళేసుకుని వచ్చి, తేట నీళ్ళలో తన మొహం చూసుకుని, తాపీగా తాగేది. పైనుంచి తోకరాజు ఆమె ముందు నాలుగు ఇప్పపూలు రాల్చేవాడు. కోరసామి కడుపు భగభగ మండేది. తన వంతుకు నీళ్ళకేమీ లోటు లేదు. పొట్ట పగిలేలా తాగేవాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆయన బాధ దాహం కాదు, చుక్కమ్మ.

“ఎర్రమ్మక్కా, చూస్తున్నావా? తవ్వేది మనం, సోకు చేసుకునేది ఆవిడ.”

ఎర్రమ్మ మందలో పెద్ద ఆడపంది, కోరసామికి తోడబుట్టిన అక్క. ఆ ఏడు ఏడుగురు పిల్లల్ని కని, వాళ్ళను ఎండాకాలం ఎట్లా దాటించాలా అని తప్ప వేరే ధ్యాస లేకుండా ఉంది.

“చేసుకుంటే చేసుకోనీరా సామీ. నీకేం తక్కువైంది?”

“నా మొహం ఎట్లా ఉంటదో నాకు ఇంతవరకూ తెలియదక్కా. తేట నీళ్ళు మన వంతుకు మిగిలితే గదా!”

“నీ మొహం నేను చూస్తున్నాలే. చూసుకోకపోవడమే మంచిది.”

అక్క నవ్వేసి వెళ్ళిపోయింది. కోరసామికి నవ్వు రాలేదు.

ఇదంతా తంగేడు పొద చాటు నుంచి నక్క సాంబమూర్తి వింటున్నాడు. వాడు పొత్తులో లేడు. ఒకప్పుడు చేరతానని వస్తే, “నువ్వేం పని చేస్తావయ్యా?” అని అడిగారు. పాపం, ఆ ప్రశ్నకు వాడు ఇప్పటికీ జవాబు వెతుక్కుంటూనే ఉన్నాడు. పొత్తులో ఉన్నవాళ్ళందరి మీదా వాడికి ఒకటే ఏడుపు. పైగా పొత్తు మొదలైనప్పటి నుంచి చిరుతపులికి వేట దొరకడం తగ్గింది, చిరుత వదిలేసిన ఎముకలు కొరుక్కుని బతికే సాంబమూర్తికి పొట్ట గడవడమూ తగ్గింది.

“దొరా,” అన్నాడు పొద లోంచి బయటికొచ్చి, “తమ ముట్టె కదలకపోతే ఈ అడవిలో నీటి చుక్క పుడుతుందా?”

“పుట్టదు.”

“మరి తమరు చివరెందుకు?”

“వరస అంట.”

“ఆ వరస ఎవరు పెట్టారు? చెట్టుమీద కూర్చుని తోక ఊపేవాడా? తవ్వగలిగినవాడు ఎక్కడైనా తవ్వుకుంటాడు దొరా. తవ్వలేనివాళ్ళకే పొత్తులు కావాలి. చెప్పకూడదు గానీ, నిన్న చుక్కమ్మ ఏమందో తెలుసా? ‘ఆ బురదగాళ్ళు ఎప్పుడూ మన వెనకే’ అని నవ్వింది. ఈ చెవులతో విన్నాను.”

చుక్కమ్మ ఆ మాట అనలేదు. నిన్న ఆమె నోరే తెరవలేదు, కాలిలో ముల్లు గుచ్చుకుని రోజంతా కుంటుతూ ఉంది. కానీ కుళ్ళు పుట్టిన చోట సాక్ష్యాలు ఎవరు అడుగుతారు?

మర్నాటి నుంచి పందుల మందలో ఒకటే గోల, పొత్తులో ఉందామా, పోదామా అని. మేత మేస్తూ అదే మాట, పొర్లుతూ అదే మాట. మొగుడూ పెళ్ళాలు చెరో పక్క చేరి మొహాలు మాడ్చుకున్నారు. కోరసామి గట్టెక్కి గర్జించాడు.

“మన చెలమ మనది! పొత్తు విడిస్తే ఒక్కొక్కరికి రోజుకు రెండు పొర్లాటలు! మనల్ని గద్దించేవాడు ఉండడు!”

“కాపలా ఎవరు కాస్తారు?” అని అడిగింది ఎర్రమ్మ.

“మనకు కోరలున్నాయి.”

“కోరలు నీకున్నాయి. నా పిల్లలకు పాలపళ్ళే ఇంకా ఊడలేదు. పోరు నష్టం, పొందు లాభం అన్నారు పెద్దలు. వరసలో తేడా ఉంటే అడిగి దిద్దించుకుందాం. ఎలుక మీద కోపానికి ఇల్లు తగలబెట్టుకుంటామా?”

“అక్క భయపెడుతోంది!” అని అరిచాడు కోరసామి. కుర్ర పందులన్నీ “భయపెడుతోంది, భయపెడుతోంది” అని అందుకున్నాయి.

చివరికి మంద మాట తేల్చడానికి పందుల పద్ధతి ఒకటి పెట్టారు. పోదామనేవాళ్ళు ఒళ్ళంతా బురద పూసుకుని మద్దిచెట్టుకు వీపు రుద్దాలి. ఉందామనేవాళ్ళు ఏగిసచెట్టుకు రుద్దాలి. ఏ మానుమీద బురద మరకలు ఎక్కువుంటే అదే తీర్పు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించారు. మద్దికి ఇరవై మూడు మరకలు, ఏగిసకు ఇరవై ఒకటి.

“ఆగండాగండి,” అంది ఎర్రమ్మ. “మందలో ఉన్నదే ముప్పై ఆరుగురం. నలభై నాలుగు మరకలు ఎట్లా వచ్చాయి?”

తలలు దించుకున్నారు కొందరు. ఒకడు మెల్లగా అన్నాడు, “రుద్దుకుంటే హాయిగా ఉంది అత్తా. రెండో చెట్టుకూ రుద్దాను.”

“మరి మళ్ళీ లెక్కబెట్టండి!”

“తీర్పు తీర్పే!” అన్నాడు కోరసామి. “ఒళ్ళు దురద పుట్టినా అది మంద దురదే.”

అట్లా అడవిపందులు పొత్తు విడిచాయి. విడిచినట్టు చెప్పడానికి కోరసామి మద్దిచెట్ల కిందికి వెళ్ళాడు.

“తోకరాజూ, మేం పోతున్నాం. ఇక మీ కోసం తవ్వం, మీ వరస పాటించం. చిరుత వస్తే మాత్రం మాకు ఎప్పటిలాగే కేకేయాలి. ఇప్పపూలు కూడా ఎప్పటిలాగే ఏరుకుంటాం.”

తోకరాజు కొమ్మ మీంచి కిందికి వంగి చూశాడు. “అవ్వా కావాలి, బువ్వా కావాలా? చూడు సామన్నా, నా కేక ఈ చెట్లు ఉన్నంత దూరమే వినబడుతుంది. అంతలో ఉంటే వినండి. దాటిపోతే నేనేం చేయను?”

చుక్కమ్మ బెరుగ్గా ముందుకొచ్చింది. “మా వల్ల తప్పు జరిగిందా అన్నా? జరిగితే చెప్పు.”

“నువ్వు ముందుండడమే తప్పు,” అన్నాడు కోరసామి. అంతకంటే నిజం ఆయన ఎన్నడూ చెప్పలేదు.

పోతామన్నారు గానీ పోలేదు. కొత్త చెలమ ఎక్కడ తవ్వాలో తేలక, అమావాస్యకు పోతామన్నారు. అది దాటింది. పౌర్ణమికన్నారు. అదీ దాటింది. ఈలోగా రోజూ పాత చెలమ దగ్గరే తాగుతూ, తాగినంతసేపూ పాత చెలమనే తిడుతూ ఉన్నారు. “పోతారా, ఉంటారా? తేల్చండి నాయనా, మా చెవులు తూట్లు పడుతున్నాయి,” అని కొండముచ్చులు మొత్తుకున్నాయి.

తేల్చినవాడు సాంబమూర్తి. “వెదురు పొదల మలుపు దగ్గర మంచి ఊట ఉంది దొరా. చుట్టూ ఒక్క పెద్ద చెట్టు లేదు. పైన కూర్చుని తమను గద్దించేవాడు ఉండనే ఉండడు.”

ఆ ఒక్క మాటకు కోరసామి మురిసిపోయాడు. మంద కదిలింది. ఎర్రమ్మ పిల్లల్ని ముందు పెట్టుకుని అందరికంటే వెనక నడిచింది. మంద పోయాక తల్లి ఒక్కతే ఉండి ఏం చేస్తుంది?

మలుపు దగ్గర నిజంగానే ఊట ఉంది. ఒక పూట తవ్వేసరికి తేట నీళ్ళు పైకొచ్చాయి. కోరసామి వంగి చూశాడు. రెండు కోరలు, ఒక ముట్టె, రెండు చిన్న కళ్ళు. “ఫరవాలేదే,” అనుకునే లోపల వెనక నుంచి ఒక కుర్ర పంది ధబాలున నీళ్ళలో పడింది.

“ఒరేయ్! నేను ముందు!”

“ఎందుకు మామా? నేనూ తవ్వాను గదా!”

“నేనూ తవ్వాను!” అంటూ ఇంకొకడు దూకాడు. తర్వాత పదిమంది. నెల రోజులుగా వాళ్ళ చెవుల్లో కోరసామి నూరిపోసింది ఒకటే, వెనకుండడం అవమానం అని. ఇప్పుడు దుప్పుల మీద ఏడవడానికి అక్కడ దుప్పులు లేవు. అందుకని ఒకరి మీద ఒకరు ఏడ్చుకున్నారు. రెండు నిమిషాల్లో చెలమ అంతా అడుసు. ఎర్రమ్మ పిల్లలు గట్టున నిలబడి బురద నాకారు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. మూడో రోజు పొద్దు వాలే వేళకు ఆ పిల్లల్లో చిన్నవాడు నిలబడలేక కూలబడ్డాడు. ఎర్రమ్మ తమ్ముడి కాళ్ళకు అడ్డం పడింది.

“ఒక్కపూట, ఒక్కటంటే ఒక్కపూట పిల్లల్ని ముందు తాగనివ్వరా సామీ. వాళ్ళు తాగాక మీ ఇష్టం.”

“మళ్ళీ వరసలా?” అన్నాడు కోరసామి. “వరసలు వద్దనే గదా ఇంత దూరం వచ్చాం! ఇవాళ వాళ్ళకిస్తే రేపు దుప్పులకూ ఇమ్మంటావు.”

“దుప్పులు ఎక్కడున్నాయిరా ఇక్కడ!”

“నీ మనసులో ఉన్నాయి!”

ఎవరి మనసులో ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. మంద మొత్తం ఆ తగువు చుట్టూ మూగింది. ముప్పై ముట్టెలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్నాయి. వెదురు పొద కదిలింది. చూసేవాడు లేడు, కేకేసేవాడు లేడు. చిరుతపులి పెద్దగా పరిగెత్తనైనా లేదు. గట్టున కూలబడ్డ చిన్నవాణ్ణి నోట కరుచుకుని పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఎర్రమ్మ అరిచిన అరుపుకు వాగంతా దద్దరిల్లింది. కోరసామి కోరలు ఝళిపిస్తూ పొదదాకా పరిగెత్తాడు, కానీ అప్పటికి అక్కడ ఏముంది? చిరుత వెళ్ళిన దారిన సాంబమూర్తి పెళ్ళి భోజనానికి వెళ్తున్నట్టు నిదానంగా నడిచి వెళ్తున్నాడు.

“ఓరి పాపిష్టోడా! చెట్లు లేని చోటు ఇందుకా చూపించావు!” అంది ఎర్రమ్మ.

“చోటు చూపించాను తల్లీ,” అన్నాడు సాంబమూర్తి వెనక్కి తిరిగి. “తవ్వుకుంది మీరు.”

ఎర్రమ్మ మిగిలిన ఆరుగుర్నీ తీసుకుని పాత చెలమ దారి పట్టింది. ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇద్దరు, చూస్తుండగా మందంతా కదిలింది. కోరసామి ఒక్కడే కదల్లేదు.

పాత చోట చెలమే లేదు. అంచులు కూలి ఇసుక పూడుకుపోయింది. దుప్పులు గిట్టలతో గీకి గీకి గిట్టలు అరగదీసుకున్నాయి గానీ నీటి చెమ్మ కూడా తేలేకపోయాయి. చుక్కమ్మ మూతి ఎండి పగిలిపోయి ఉంది. కొండముచ్చులు కొమ్మలకు వేలాడుతున్నాయి, ఒక్కటీ గెంతడం లేదు.

ఎర్రమ్మ పిల్లల్ని లెక్కపెట్టి చూసింది చుక్కమ్మ. ఏడుగురు ఉండాలని ఆమెకూ తెలుసు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అక్కా, ఇన్నేళ్ళు మీరు తవ్వితే తాగాను. తవ్వినవాళ్ళకు ఒక్క మంచి మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదేమో.”

“జరిగేదో లేదో, అది తర్వాత ఏడుద్దాం,” అంది ఎర్రమ్మ. “తోకరాజన్నా, చెట్టెక్కు. మేం తవ్వుతాం. ఈసారి వరస మార్చాలి. పిల్లలు ముందు. దుప్పి పిల్లైనా, పంది పిల్లైనా, ఎవరి పిల్లలైనా.”

“అట్లాగే,” అన్నారు అందరూ. ఎవరూ ఏ చెట్టుకూ వీపు రుద్దలేదు.

నీళ్ళు ఊరాక ఎర్రమ్మ తమ్ముడికి కబురు పంపింది. రారా సామీ, నీ తప్పు ఎవరూ ఎత్తరు, వచ్చి నీళ్ళు తాగు అని. కోరసామి ఆ కబురంతా విని అడిగింది ఒకటే.

“అక్కడ నా వంతు ఎన్నోది?”

“చివరే,” అన్నాడు కబురు తెచ్చినవాడు.

“అయితే రాను. ఇక్కడ నేనే ముందు.”

ఆయన చెప్పింది అబద్ధం కాదు. వెదురు పొదల మలుపు దగ్గర ముందు తాగేది ఆయనే. ఒక గుక్క తాగి, తల ఎత్తి పొదల వైపు చూస్తాడు. మళ్ళీ ఒక గుక్క, మళ్ళీ చూస్తాడు. ఆయన వెనక తాగేవాళ్ళు ఎవరూ లేరు, ఆయన కోసం చూసేవాళ్ళూ లేరు.

నీతి: పక్కవాడి ముందు వంతు చూసి కుళ్ళుకుంటే, మన ఇంటి పిల్లల వంతు పోతుంది.