కుంకుడు గింజ కళ్ళ చిలక

ముందు నీ నోట్లో ఉన్న ఆ గుండీ ఇలా ఇయ్యి. ఊఁ, ఉమ్ము. మా తల్లే! ఇప్పుడు పడుకుని విను.

అనగనగా ఏటి అవతల ఒక ఊళ్ళో నరసమ్మ అని ఒకావిడ ఉండేది. అదే ఊళ్ళో ఉన్న ఆవిడ తమ్ముడికి కొడుకు పుట్టాడు. బారసాలకి మేనత్త ఉత్తచేతుల్తో వెళ్తుందా మరి? పిల్లాడికి వెండి కడియాలు చేయించింది. అవి చాలవన్నట్టు గవర్రాజు కొట్లో ఒక కొయ్య చిలకని కూడా కొంది. పచ్చటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, నల్లగా మెరిసే కళ్ళు.

ఆ కళ్ళేంటనుకున్నావ్? కుంకుడు గింజలు! గవర్రాజు తాత కాలంలో చిలకలకి కళ్ళు రంగుతో దిద్దేవారు. దానికి ఓపిక కావాలి కదా, ఈ మహానుభావుడు గింజలు తెచ్చి తుమ్మ జిగురుతో అతికించేశాడు. తడి తగిలితే తుమ్మ జిగురు కరిగిపోతుందని వాడికి తెలీదా? భేషుగ్గా తెలుసు. పసిపిల్లలు బొమ్మల్ని నాకుతారని తెలీదా? అదీ తెలుసు.

ఆ తర్వాత పిల్లాడికి పళ్ళొచ్చే రోజులొచ్చాయి. చిగుళ్ళు దురదపెట్టి చిలకని చీకడం మొదలెట్టాడు. ఒకరోజు నరసమ్మ వాడి పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. ఉన్నట్టుండి పిల్లాడి చప్పుడు ఆగిపోయింది. ఏడుపు లేదు, దగ్గు లేదు, మొహం నీలంగా అయిపోయింది. చిలకకేమో ఒక కన్ను లేదు.

అప్పుడు నరసమ్మ చేట అవతల పారేసింది. పిల్లాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి, వీపు మీద అరచేత్తో చరిచింది. ఒకసారి చరిచింది, రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి చరిస్తే గింజ టప్పున కింద పడింది. పిల్లాడు కేర్‌మన్నాడు. ఆ ఏడుపు విని నరసమ్మ కూడా భోరుమంది.

ఆ హడావుడిలో వాడి చేతి కడియం కూడా ఊడి పడింది. నరసమ్మ కడియాన్ని తీసి, గింజని అందులో వేసి చూసింది. ఇట్టే జారిపోయింది. "పసివాడి కడియంలోంచి జారేది వాడి గొంతులోకీ జారుతుందన్నమాట," అనుకుంది.

అప్పుడు ఒంటికన్ను చిలకని పట్టుకుని గవర్రాజు కొట్టుకి వెళ్ళింది.

"నీ చిలక మావాడి ప్రాణం తీసేదిరా!" అంది.

"బొమ్మ ఆడుకోవడానికి అమ్మానమ్మా, తినడానికా? నోట్లో పెట్టుకోవడం మీవాడి తప్పు," అన్నాడు వాడు.

విన్నావా వాడి మాట! పళ్ళు రాని పసివాడు నోట్లో పెట్టుకోక నెత్తిన పెట్టుకుంటాడా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఆ తర్వాత నరసమ్మ మునసబుగారి దగ్గరికి వెళ్ళింది. ఊరికి పెద్ద ఆయనే. అయ్యో పాపం అన్నారు. గవర్రాజు దగ్గర కొన్న చిలకలన్నీ వాడికి తిరిగి ఇచ్చెయ్యాలని దండోరా వేయించారు. ఎప్పుడు వేయించారనుకున్నావ్? ఊడ్పుల రోజుల్లో, మిట్టమధ్యాహ్నం! తల్లులంతా చేలల్లో ఉన్నారు. విన్నది కాకులూ కుక్కలూ. ఏవో ఒకటీ అరా చిలకలు తిరిగొచ్చాయి. మునసబుగారు పనైపోయిందని చేతులు దులుపుకున్నారు.

మరి గవర్రాజు? తిరిగొచ్చినవి పొయ్యిలో పెట్టాడా? సిగ్గులేని మనిషి, వాటి మీద నీలం రంగు పూసి, పాలపిట్టలని పేరు పెట్టి, ఇంట్లో ఉంటే శుభమని చెప్పి సంతలో అమ్మేశాడు!

నరసమ్మ ఊరుకోలేదు. మేనల్లుణ్ణి చంకనేసుకుని, కడియం కొంగున కట్టుకుని గడప గడపకీ తిరిగింది. కొందరు చిలకని ఇచ్చేశారు. కొందరు "మా పిల్లకేం కాలేదుగా," అన్నారు. ఒకావిడైతే మొహం మీదే తలుపేసింది.

అప్పుడు మునసబుగారి మనవరాలికి అన్నప్రాశన వచ్చింది. ఊరంతా వచ్చారు, గవర్రాజు కూడా వచ్చి ముందే విస్తరి దగ్గర కూర్చున్నాడు. పిల్ల ముందు పుస్తకం, బంగారు గొలుసు, వరికంకి పెట్టారు. ఏది పట్టుకుంటే దాని బతుకు అలా ఉంటుందని చూస్తారు కదా. శుభమని పాలపిట్ట బొమ్మ కూడా పెట్టారు. పిల్ల పాక్కుంటూ వెళ్ళి, అన్నీ వదిలేసి, పాలపిట్టనే పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అది బొమ్మని నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

నరసమ్మ ఆ నల్లటి కళ్ళని గుర్తుపట్టింది. ఒక్క ఉదుటున వెళ్ళి బొమ్మని లాగేసుకుంది.

"ఎంత అపచారం! పిల్ల పట్టుకున్నది లాక్కుంటావా?" అని అందరూ ఆవిడ మీద పడ్డారు.

నరసమ్మ పిట్ట తలని నీళ్ళ చెంబులో ముంచి కాసేపు నాననిచ్చింది. కన్ను ఊడి చేతిలోకొచ్చింది. పిల్ల చేతి కడియం తీసి, అందరూ చూస్తుండగా గింజని అందులోంచి జారవిడిచింది. గోటితో నీలం రంగు గీకితే కింద పచ్చరంగు బయటపడింది.

"నేను దండోరా వేయించానే," అని గొణిగారు మునసబుగారు.

"వేయించారు బాబూ. తిరిగిచ్చిన చిలకే రంగు మార్చుకుని మీ ఇంటికొచ్చింది," అంది నరసమ్మ.

మునసబుగారు తలొంచుకున్నారు. పిల్ల తల్లి మాత్రం పిల్లని గుండెకి హత్తుకుని గవర్రాజు దగ్గరికి వెళ్ళింది.

"విస్తరి ముందు నుంచి లే. మా పిల్లలందరి బొమ్మలూ ఏరుకొచ్చాకే నీకు అన్నం," అంది.

లేచాడు. లేవక ఏం చేస్తాడు? పొద్దువాలి తల్లులంతా ఇల్లు చేరే వేళకి నెత్తిన గంప పెట్టుకుని గడప గడపకీ వెళ్ళాడు. "తప్పు నాదే తల్లీ, నా బొమ్మ ఇచ్చెయ్యండి," అని అడుక్కున్నాడు. కడియం పట్టుకుని వెనకే నరసమ్మ. ఆఖరి బొమ్మ దాకా గంపలో పడ్డాకే వాణ్ణి వదిలింది. ఆ బొమ్మలన్నీ పొయ్యిలో పెట్టి పిల్లల స్నానానికి నీళ్ళు కాచారు.

ఇదిగో, నీ గుండీ నా కొంగున కట్టాను. రేపు పొద్దున్నే నీ బొమ్మలన్నీ తీసుకురా. ఉయ్యాల్లో తమ్ముడి చేతికి కడియం ఉందిగా, అందులో వేసి చూద్దాం.

కడియంలో జారేది కంటికే ముద్దు,
పసివాడి నోటికి వద్దంటే వద్దు.
చిలకేమో పొయ్యికి, కథేమో కంచికి,
నువ్వూ నేనూ ఇంక మన పాత మంచానికి.