జిల్లేడు పాలు పూసుకున్న నల్లగొర్రె

బీరయ్య గొర్రెల దొడ్డి ఊరికి దూరంగా, రాళ్ళగుట్ట కింద ఉండేది. చుట్టూ తుమ్మకంప. ఆ కంప వేయడంలో బీరయ్యకు ఒక పద్ధతి ఉంది. ముళ్ళకొసలు బయటికి, మొదళ్ళు లోపలికి. బయటినుంచి ఏ జంతువైనా మూతి పెట్టిందా, చీరుకుపోవలసిందే. లోపలినుంచి మాత్రం అది అంత గట్టి కంచె కాదు. లోపలున్నవి గొర్రెలు. గొర్రెలు పారిపోతాయని భయపడి ఎవరూ కంప వేయరు.

పొద్దెక్కగానే మందంతా మేతకు పోయేది. వెంట బీరయ్య, కుక్క. పాలు తాగే పిల్లలు మాత్రం దొడ్డిలోనే ఉండిపోయేవి. వాటికి తోడు ఒక ముసలిమేక. వెనకకాలు కుంటిది, గుట్టలెక్కే రోజులు అయిపోయినది. తల్లులు సాయంత్రం తిరిగొచ్చేదాకా పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. పిలిచే గొంతు దగ్గర్లో లేనప్పుడు అవి మాత్రం ఎక్కడికి పోతాయి?

ఆ మందలో ఒక నల్లగొర్రె ఉంది. తొలిసారి ఈనింది. పిల్ల కూడా నల్లగానే పుట్టింది, ఒక్క చెవి తప్ప. చలిగాలి తిరిగాక ఆ గొర్రెకు మాడు ఎండిపోయి, దురద మొదలైంది. గోక్కున్నకొద్దీ పొట్టు రాలేది. తెల్లగొర్రెకైతే ఎవరికీ కనబడేది కాదు. నల్ల ఉన్ని మీద చుండ్రంటే బొగ్గుల మీద తవుడు చల్లినట్టే.

"ఏమే, మంచు నీ ఒక్కదాని మీదే కురిసిందా?" అంది పొట్టేలు.

"చలికి ఎండింది, అంతే," అంది నల్లగొర్రె.

"ఎండితే ఎండింది గానీ, కాస్త అవతలికి పోయి మేయి. నీ తవుడు నా గడ్డిలో పడుతోంది."

మిగతా గొర్రెలు నవ్వాయి. గొర్రెలు ఒకటి నవ్వితే అన్నీ నవ్వుతాయి, ఎందుకో తెలియాల్సిన పనిలేదు.

నల్లగొర్రెకు నవ్వు కంటే భయం ఎక్కువ పట్టుకుంది. గజ్జి పట్టిన గొర్రెను మందలో ఉంచరు. అది రుద్దుకున్న చెట్టుకే ఇంకొకటి రుద్దుకుంటుంది, చూస్తుండగానే మందంతా గోక్కుంటుంది. అందుకే బీరయ్య అలాంటిదాన్ని దొడ్డి బయట గుంజకు కట్టేస్తాడు. నయమైతే లోపలికి తెస్తాడు. పోయినేడు అలా కట్టేసిన గొర్రె లోపలికి రాలేదు. దాని పేరు మందలో ఇప్పుడెవరూ ఎత్తరు.

ఆ సాయంత్రం గొర్రె తుమ్మమొద్దుకు నెత్తి రుద్దుకుంటుంటే మేక చూసింది.

"ఆపవే! మాడా, మట్టిగడ్డా అది? అలా బరుకుతున్నావేం?"

"తట్టుకోలేకపోతున్నాను అత్తా. ఇది గజ్జి అంటావా?"

"ఏదీ, వంచు." మేక మూతి పెట్టి చూసింది. "పుండు లేదు, ఉన్ని ఊడలేదు, రసి కారడం లేదు. పొట్టు, అంతే. పోయిన చలికాలం నాకూ వచ్చింది. రాజవ్వకు ఏటేటా వస్తుంది."

రాజవ్వ బీరయ్య భార్య. దొడ్డి పక్కనే వాళ్ళ గుడిసె.

"రాజవ్వ ఏం చేస్తుంది?"

"తలంటుకునే ముందు రాత్రి మెంతులు నానేస్తుంది. పొద్దున పెరుగుతో మెత్తగా నూరి మాడుకు పట్టిస్తుంది. అది బిర్రుగా ఎండకముందే గోరువెచ్చని నీళ్ళతో కడిగేస్తుంది. కుంకుడు రసం పలచగా, పొయ్యీ పొయ్యనట్టు. గోళ్ళు తగలనివ్వదు, వేళ్ళ కొసలతోనే. రోట్లో మిగిలిన ముద్ద నా నెత్తికి రాసేది. నువ్వూ నాతో వచ్చి నిలబడు, నీకూ రాస్తుంది. స్నానాల బండ పక్కన కలబంద ఉంది చూశావా? దురద పుట్టినప్పుడల్లా మట్టను కొరికి ఆ జిగురుకు నెత్తి ఆనించు. చల్లగా ఉంటుంది. మొద్దు జోలికి మాత్రం పోకు."

"ఎప్పటికి తగ్గుతుంది?"

"తగ్గినప్పుడు తగ్గుతుంది. ఒక్కపూటలో ఎండలేదుగా, ఒక్కపూటలో ఎలా మానుతుంది?"

గొర్రె అలాగే చేసింది. రాజవ్వ దాన్ని చూసి, "నీకూ వచ్చిందా నా రోగం?" అని నవ్వి, మెంతిముద్ద నెత్తికి రాసింది. దురద కొంత సద్దుమణిగింది. పొట్టు రాలడం తగ్గింది, కానీ ఆగలేదు. మేక చూసి "బాగుంది" అంది. గొర్రెకు మాత్రం ఏమీ బాగున్నట్టు లేదు. ఎందుకంటే ఉన్ని కత్తిరించే రోజు దగ్గరపడింది. ఆ రోజు ప్రతి గొర్రె తలా బీరయ్య మోకాళ్ళ మధ్యకు వస్తుంది. ఏదీ దాచడానికి ఉండదు.

ఆ దిగులుతో అది మందకు ఎడంగా, బండల దగ్గర మేస్తోంది. బండ వెనకనుంచి గొంతు వినబడింది.

"చెల్లెమ్మా, నెత్తిన ఆ ముగ్గుపిండి ఏమిటి?"

నక్క. గొర్రె నాలుగడుగులు వెనక్కి వేసింది.

"అరిస్తే కుక్క వస్తుంది," అంది.

"అరుచుకో, ఎవరు వద్దన్నారు? నేను నీకు శత్రువునే, కాదని అబద్ధమాడను. కానీ నువ్వు నాకంటే బరువు. కొమ్ములు లేకపోతేనేం, నీ నెత్తితో ఒక్కటిస్తే నా పక్కటెముకలు మిగలవు. నిన్ను నేనేం చేయగలను? పాపం గోక్కుంటున్నావే అని అడిగాను."

శత్రువునని ఒప్పుకున్నవాడి మీద సగం నమ్మకం అప్పుడే కుదురుతుంది. గొర్రె అరవలేదు.

"చుండ్రు. మేకత్త మెంతులూ పెరుగూ చెప్పింది."

నక్క నవ్వు ఆపుకున్నట్టు చేసింది. "మెంతులు పులుసులోకి, పెరుగు అన్నంలోకి. నెత్తికి వైద్యం అడిగితే మీ అత్త వంట చెప్పిందన్నమాట! తగ్గిందా మరి?"

"తగ్గుతోంది."

"తగ్గుతోంది! ఉన్ని కత్తిరించేవాళ్ళు రేపో ఎల్లుండో వస్తున్నారు. బీరయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టి, 'ఆగయ్యా, తగ్గుతోంది' అని చెప్పుకుంటావా? అతను వింటాడా? పోయినేడు ఒకామె చెప్పుకుందిగా."

గొర్రె నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

"నీ దగ్గరేమైనా మందుందా నక్కన్నా?"

"అడిగావు గనక చెబుతున్నాను, లేకపోతే నాకెందుకు? అదిగో జిల్లేడు. కొమ్మ విరిగేలా ఒక్క కుమ్ము కుమ్ము. పాలు కారతాయి. ఆ పాలు మాడుకు పట్టించు. పొట్టు మొత్తం ఒక్కసారే ఊడివస్తుంది."

"మండుతుందా?"

"మండకపోతే మందెలా అవుతుంది? పొయ్యి మండకుండా ఎక్కడైనా అన్నం ఉడుకుతుందా? మీ అత్త మందు చల్లగా ఉంది కదా, అందుకే పొట్టు అక్కడే కూచుంది."

గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని ఊరికే అనలేదు పెద్దలు. అయితే ఒక మాట చెప్పాలి. ఈ గొర్రె బుద్ధి లేక నమ్మలేదు, భయంతో నమ్మింది. భయపడ్డవాళ్ళకు చల్లటి మాట రుచించదు.

గొర్రె జిల్లేడు పొదను కుమ్మింది. తెల్లటి పాలు ధారగా కారాయి. నెత్తి రుద్దుకుంది. మొదట చల్లగా ఉంది. కాసేపటికి నిప్పులు పోసినట్టయింది. గొర్రె కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, 'పనిచేస్తోంది' అనుకుంది. మంట కాస్త తగ్గగానే పనిచేయడం ఆగిపోయిందేమోనని మళ్ళీ పోయి రుద్దుకుంది.

సాయంత్రం దొడ్డిలోకి రాగానే మేక ముక్కు ఎగబీల్చింది.

"ఏం పూసుకున్నావే?"

"ఏం లేదు."

"జిల్లేడు వాసన నాకు తెలియదనుకున్నావా? ఆకలేసినా మేకలు ముట్టని ఆకు అది. ఎవరు చెప్పారు?"

గొర్రె తల వంచుకుంది. "నక్క."

మేక తిట్టలేదు. తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి.

"పోయి తొట్టి నీళ్ళలో తల ముంచు. చల్లటి నీళ్ళు. ముంచుతూనే ఉండు."

ముంచింది. అప్పటికే మాడంతా పొక్కులు లేచాయి. తెల్లారేసరికి పొక్కులు చితికి, రసి కారి, నడినెత్తి మీద ఉన్ని కుచ్చులుగా ఊడిపోయింది. ఏవి లేవు గనక ఇది గజ్జి కాదని మేక చెప్పిందో అవన్నీ ఇప్పుడు ఉన్నాయి.

కత్తిరించేవాళ్ళు ఆ పొద్దునే వచ్చారు. కత్తెరలు నూరుకుంటూ కూచున్నారు. ఇంకా మందంతా మిగిలే ఉంది. బీరయ్య నల్లగొర్రె తలను మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉన్ని విడదీశాడు.

"అరె! గజ్జి."

"అయితే నా కత్తెర దానికి తగలనివ్వను," అన్నాడు కత్తిరించే పెద్దాయన. "అవతల కట్టెయ్. చూస్తావేంటి, మిగతావాటికి అంటిద్దామనా?"

బీరయ్య అది సరిగ్గా చూసే మనిషే. ఆ రోజు తీరిక లేదు. గొర్రెను కంప అవతలికి తీసుకుపోయి గుంజకు కట్టేశాడు. ముందు ఒక మోపు గడ్డి వేశాడు. తల్లి వెంట పడిన పిల్లను మెడ పట్టుకుని లోపలికి వదిలాడు.

మర్నాడు మంద మేతకు పోయింది. కుక్కా పోయింది. రాజవ్వ కట్టెలకు పోయింది. కంప లోపల మేక, పిల్లలు. బయట గుంజ దగ్గర గొర్రె.

ఎండ పైకొచ్చాక నక్క వచ్చింది. తాడు అందని దూరంలో కూచుంది.

"మంట ఎలా ఉంది చెల్లెమ్మా?"

"తినడానికే వచ్చావుగా, రా," అంది గొర్రె. కాళ్ళు తన్నిపట్టి తల వంచింది. "దగ్గరికి రా. పుండైనా నా నెత్తి నెత్తే."

"ఛ! నిన్నా? నీ మీద పడి పళ్ళు పోగొట్టుకోవడానికి నాకేమైనా పిచ్చా? ఆ మాట మొన్ననే చెప్పానుగా. చూసిపోదామని వచ్చాను, అంతే." నక్క లేచి, కంప వైపు చెవి పెట్టింది. "అదిగో, నీ బిడ్డ. ఆకలికి ఏడుస్తోంది. వింటున్నావా? ఒక్కసారి పలకరించు, పాపం. నేను పోతున్నాను."

పోయింది. బండల వెనక్కి.

పిల్ల నిజంగానే ఏడుస్తోంది. రోజూ ఆ వేళకు అది నిద్రపోయేది. ఇప్పుడు తల్లి వాసన కంప అవతలినుంచే వస్తోంది. నిద్ర ఎలా పడుతుంది?

"పలకకే!" అని లోపలినుంచి మేక అరిచింది. "నీ కాళ్ళకు మొక్కుతాను, నోరు మూసుకో! అది నీకోసం రాలేదు. పలికావంటే పిల్ల బయటికి వస్తుంది!"

గొర్రెకు అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంది. గడ్డిలో మూతి పెట్టింది, కొరకలేదు. నెత్తి మండుతోంది. పొదుగు బిగుసుకుపోయి అదొక నొప్పి. పిల్ల మళ్ళీ అరిచింది. గొర్రె దిక్కులు చూసింది. పిల్ల ఇంకోసారి అరిచింది. ఈసారి గొంతు బొంగురుపోయి, సగంలో తెగిపోయింది.

గొర్రె పలికింది. ఒక్కసారే, అదీ సన్నగా. గొంతు దాటి వచ్చేదాకా తాను పలుకుతున్నట్టు దానికే తెలియదు.

పిల్ల కంప మొదళ్ళ మధ్య తల దూర్చింది. మేక కుంటుకుంటూ వచ్చి అడ్డం పడుకుంది. పిల్ల దాని మెడ కిందనుంచి దూరింది. మేక పళ్ళతో దాని తోక పట్టుకోబోయి కంపలో పడింది. ముళ్ళు లోపలివైపు లేకపోయినా పడ్డవాళ్ళకు కంప కంపే.

పిల్ల బయటికొచ్చి పరుగున వెళ్ళి పొదుగు అందుకుంది. తోక ఆడించింది. రెండు గుక్కలు తాగిందో లేదో, బండల వెనకనుంచి నక్క వచ్చి దాన్ని తాడు అందని దూరానికి లాక్కుపోయింది.

గొర్రె తాడు తెగేలా గుంజింది. తాడు తెగలేదు. బీరయ్య ముడులు బాగా వేస్తాడు.

పొద్దుగూకే వేళకు బీరయ్య వచ్చి చూశాడు. కంపలో ఇరుక్కున్న మేకను విడిపించాడు. గొర్రె పక్కన కూచుని, దాని నెత్తి మీద ఎండిన పక్కును వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గజ్జి కాదిది," అన్నాడు. "జిల్లేడు పాలు."

"జిల్లేడా? దాని నెత్తికి జిల్లేడు ఎవరు పూస్తారు?" అంది రాజవ్వ.

జవాబు మేక దగ్గర ఉంది గానీ, మేక మాట మనుషులకు అర్థం కాదు.

రాజవ్వ వేపాకు కాచి, ఆ నీళ్ళు బాగా చల్లారాక గుడ్డతో అద్దింది. పక్కులు గీకలేదు, వాటంతట అవే రాలనిచ్చింది. కలబంద జిగురు రాసింది. పచ్చి ఆరాక ఒక్క చుక్క కొబ్బరినూనె అరచేతిలో వేసుకుని పైపైన నిమిరింది. మేక చెప్పినంత నెమ్మదిగానే మాడు మానింది. ఉన్ని మళ్ళీ వచ్చింది.

పిల్ల పోయిన సాయంత్రమే బీరయ్య తాడు విప్పాడు. "పో, లోపలికి పో," అన్నాడు. గొర్రె కదల్లేదు. పొదుగులోంచి పాలు ఒక్కో చుక్కా మట్టిలో పడుతుంటే అది పిల్ల పాలు తాగిన వైపుకే తల తిప్పి నిలబడింది.

మంటను చూసి మందు అని నమ్మే ముందు, ఆ మందు చెప్పినవాడికి ఆకలి దేని మీదో చూసుకోవాలి.