లాలప్ప కాలు

లాలప్పకు కాలు నొప్పిగా ఉండేది. ఆ నొప్పి సంగతి ఎవరికైనా తెలిసిపోతుందేమోనని అంతకంటే ఎక్కువ భయంగా ఉండేది.

ఆదోనిలో పరుపులు కుట్టి బతికే మనిషి. నూరుల్లా షా అనే సూఫీ గురువుకు శిష్యుడు. గురువును ఆ వీధిలో అందరూ సామి అనే పిలుస్తారు, లాలప్పా అంతే. ప్రతి గురువారం మధ్యాహ్నం శిష్యులంతా సామి ఇంట్లో చేరి, నమాజు చేసి, దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చునేవారు.

లాలప్ప ఇంటికీ సామి ఇంటికీ పెద్ద దూరం లేదు. కానీ ఆ ఏడు లాలప్పకు బజారులో స్నేహాలు ఎక్కువయ్యాయి. కాస్త నడిచి టీ అంగడి దగ్గర ఆగి, బీడీ కాలుస్తూ కబుర్లు చెప్పేవాడు. ఇంకాస్త నడిచి గాజుల అంగడి ముందు ఆగి గాజులు చూసేవాడు. భార్య పోయి ఏళ్లయిన మనిషికి గాజులతో ఏం పని అని అంగడాయన నవ్వేవాడు. నిజానికి నాలుగడుగులు వేసేసరికి పిక్క పట్టేసేది. ఆగితే వదిలేది, నడిస్తే మళ్లీ పట్టేది. తర్వాత తర్వాత పడుకున్నా పాదం మండడం మొదలైంది. మంచం మీది నుంచి కాలు కిందికి వేలాడేసుకుంటే కొంచెం నయంగా ఉండేది.

ఆ తర్వాత బొటనవేలి కొన నల్లబడింది.

ఆ నలుపును లాలప్ప ఇంతకు ముందు చూశాడు. తండ్రి కాలికీ అట్లాగే వచ్చింది. ఆసుపత్రిలో ముందు వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి పైదాకా. చివరికి మనిషే మిగల్లేదు. అంతా ముదిరిపోయాకే తండ్రిని అక్కడికి మోసుకుపోయిన సంగతి లాలప్ప మరిచిపోయాడు. కత్తి మాత్రం గుర్తుంది.

అయితే సామి ఇంట్లో కాలు దాచడం ఎట్లా? నమాజుకు ముందు చేతులు, ముఖం, పాదాలు కడుక్కోవాలి, అదీ పెరట్లో అందరూ ఒకే తొట్టి చుట్టూ కూర్చుని. లాలప్ప బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. ఇంట్లో పాదాలు కడుక్కుని తోలు మేజోళ్లు తొడుక్కుంటే, ఆ రోజుకు మళ్లీ విప్పనక్కర్లేదు, తడి చేత్తో వాటి పైన తుడుచుకుంటే చాలునని శాస్త్రం ఒప్పుకుంటుంది. చలిచోట్ల ఉండేవాళ్లకు అది సుఖం. మే నెలలో ఆదోనిలో ఆ పని చేసినవాడు మాత్రం లాలప్ప ఒక్కడే.

తోటి శిష్యులు అతనికి భక్తి ముదిరిందనుకున్నారు. ఒక పెద్దమనిషి తనకూ అట్లాంటి జత ఒకటి తెప్పించమని అడిగాడు. లాలప్ప ఔననలేదు, కాదనలేదు. వేలు లోపల కుళ్లుతున్నా ఆ మెప్పు అతనికి కాస్త తీపిగానే ఉండింది.

ఒక గురువారం అందరూ వెళ్లిపోయాక కూడా అతను లేవలేదు. సామి ఏమిటన్నట్టు చూశారు.

"సామీ, భయం పోనీకి ఏమన్నా చదువుకోనీకి చెప్పండి," అన్నాడు.

దేనికి భయమని సామి అడిగారు. ఏమీ లేదనీ, ఊరికే వస్తుందనీ లాలప్ప చెప్పాడు. చెబుతూ చెబుతూ కాళ్లను పంచె కిందికి లాక్కున్నాడు.

సామి పెరట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లూ, ఒక పళ్లెమూ తెచ్చుకున్నారు. లాలప్ప ముందు నేల మీద కూర్చుని, అతని మేజోడు మీద చెయ్యి వేశారు.

లాలప్ప ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. గురువు శిష్యుడి కాలు ముట్టుకోవడమా?

"వద్దు సామీ. నాకు పాపం తగులుకుంటాది."

"తగలనీ," అన్నారు సామి.

మెల్లగా మేజోడు విప్పారు. గదిలో వాసన వేసింది. లాలప్ప కళ్లు మూసుకున్నాడు. సామి నీళ్లు పోసి, వేళ్ల మధ్య తన వేళ్లు పెట్టి, నల్లబడిన చోటు చుట్టూ మరీ నెమ్మదిగా కడిగారు. నీళ్ల చప్పుడు వినబడుతోంది గానీ, అవి తన పాదం మీద పడుతున్నట్టు లాలప్పకు సరిగా తెలియలేదు.

సామి రెండో మేజోడూ విప్పి, ఆ పాదం మీదా చెయ్యి పెట్టి చూశారు. అది వెచ్చగా ఉంది. మళ్లీ మొదటి పాదం పట్టుకున్నారు. బయట ఎండ పెళపెళలాడుతుంటే ఆ కాలు రాతిలాగా చల్లగా ఉంది. భుజం మీది తువ్వాలుతో తుడిచి, అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు లాలప్ప ఏడ్చాడు. తండ్రి సంగతంతా చెప్పాడు. కత్తి వద్దన్నాడు, కాలు లేకుండా బతకలేనన్నాడు, నీళ్లు మంత్రించి ఇవ్వమన్నాడు. సామి కాదనలేదు. గ్లాసులో నీళ్లు తీసుకుని, చదివి, ఊది, తాగించారు. తాగడం అయ్యాక లేచి చెప్పులేసుకుని, ఆటో పిలుచుకొస్తాను, కర్నూలు పోదాం అన్నారు.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ పాదం మీద వేళ్లు పెట్టి నాడి వెతికింది. దొరకలేదు. ఏవేవో పరీక్షలు చేయించి, లాలప్ప తండ్రి సంగతీ అడిగి తెలుసుకున్నాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. తొడలో రక్తం పోయే దారి మూసుకుపోయింది. రెండో వైపు గజ్జల్లో సన్న రంధ్రం చేసి, సన్నటి తీగను మూసుకుపోయిన చోటిదాకా పంపి, బుడగ ఊది దారి వెడల్పు చేస్తారు. అది మళ్లీ ముడుచుకోకుండా జాలీ అల్లికలాంటి చిన్న గొట్టం అక్కడ నిలబెడతారు. దాన్నే స్టెంట్ అంటారు. నల్లబడిన వేలి కొన ఎట్లాగూ దక్కదు. కాలు దక్కించుకోవడానికే ఇదంతా.

"ఆ గొట్టం లోపలే ఉంటాదామ్మా?" అని సామి అడిగారు.

"లోపలే ఉంటుంది తాతా."

తప్పకుండా పనిచేస్తుందా అని లాలప్ప అడిగాడు. చాలామందికి పనిచేస్తుంది, అందరికీ అని చెప్పలేనంది. ఆలస్యం చేస్తే మాత్రం మీ నాన్నగారికి జరిగిందే జరుగుతుందంది. లాలప్ప చెవిలో చివరి మాటే మిగిలింది.

మర్నాడు పొద్దున నర్సు వచ్చి ఆసుపత్రి గుడ్డలిచ్చి వెళ్లింది. లాలప్ప వాటిని మంచం మీదే పెట్టి, చప్పుడు చేయకుండా వార్డు బయటికి వచ్చి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఎక్కడికని అతనికే తెలియదు. బస్టాండుకు పోవాలి, అంతే. సగం మెట్లు దిగాడో లేదో పిక్క పట్టేసింది. పారిపోవడానికి కూడా కాలు సహకరించలేదు. కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

టీ తాగొస్తానని కిందికి వెళ్లిన సామి పైకెక్కి వస్తూ అతన్ని చూశారు. తిట్టలేదు. వచ్చి పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. పైకి పోయేవాళ్లూ దిగేవాళ్లూ ఇద్దరినీ తప్పించుకుని పోతున్నారు.

"సామీ, మీకు భయమనేది లేదు. అది పోయే మాట నాకూ చెప్పండి. చెప్తే లేచి వస్తా," అన్నాడు లాలప్ప.

సామి అతని చెయ్యి అందుకుని తన చొక్కా మీద గుండెకు ఆనించుకున్నారు. లాలప్ప చెయ్యి తీసుకోబోయి ఆగిపోయాడు. ఆ ముసలి గుండె దడదడ కొట్టుకుంటోంది. తనదానికంటే వేగంగా.

"నిన్న ఆ వేలు చూసినప్పటి నుంచీ ఇట్లే ఉంది," అన్నారు సామి. "ఆ మాట నాకింకా దొరకలేదు లాలప్పా. దొరికితే మొదట నీకే చెప్తా."

లాలప్ప చాలాసేపు ఆ గుండె మీద చెయ్యి తీయలేదు. తర్వాత ఆయన భుజం పట్టుకుని లేచాడు. ఇద్దరూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వెనక్కి వెళ్లారు.

ఆపరేషన్ గది చల్లగా ఉంది. మత్తు ఒక్క గజ్జల్లోనే ఇచ్చారు, మనిషికి తెలివి ఉంది. కాలు కదపొద్దని డాక్టరమ్మ చెప్పింది. రక్తపు దారి కనబడేందుకు లోపలికి మందు పంపారు. ఎదురుగా టీవీలో తన కాలి లోపలి దారి నల్లటి గీతలాగా కనిపించి, తొడ మధ్యలో ఆగిపోయింది. దాని కింద ఏమీ లేదు. లాలప్ప తెలిసిన ప్రార్థనలన్నీ చదివాడు, అన్నీ సగంలోనే మరిచిపోయాడు. బుడగ ఊదినప్పుడు తొడ లోపల బిగదీసినట్టు నొప్పి వచ్చింది. అరవబోయి పెదవి కొరుక్కున్నాడు. కాలు కదపలేదు.

ఆ గొట్టం నిలబెట్టాక మళ్లీ మందు పంపారు. కాలంతా వేడి పాకింది. ఈసారి నల్లగీత ఆగలేదు, మోకాలు దాటి పాదందాకా పోయింది.

డాక్టరమ్మ వచ్చి పాదం మీద వేళ్లు పెట్టింది. వేళ్లు కాస్త జరిపి మళ్లీ పెట్టింది. ఆ కాసేపు లాలప్ప తన తండ్రిని చూశాడు, దుప్పటి కింద ఒక వైపు ఖాళీగా పడి ఉన్న ఆ మంచాన్ని చూశాడు.

"కొట్టుకుంటోంది," అంది ఆమె.

సాయంత్రం వార్డులో కాలు చాపుకుని, వంచకుండా పడుకుని ఉన్నాడు. మాత్రలు మానకూడదనీ, బీడీ మళ్లీ ముట్టుకోకూడదనీ, నొప్పి తిరిగొస్తే ఆ రోజే రావాలనీ డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. సామి మంచం కాళ్ల వైపు కూర్చుని, వెచ్చబడుతున్న పాదం మీద చెయ్యి ఉంచారు. ఈసారి లాలప్ప కాలు వెనక్కి తీసుకోలేదు.

"భయం పోలేదు సామీ," అన్నాడు మెల్లగా. "దాన్ని పెట్టుకోనే అక్కడ పండుకున్నా."

"నేనూ అంతే నాయనా," అన్నారు సామి. "ఇన్నేండ్లూ దాన్ని పెట్టుకోనే నమాజుకు నిలబడతాండా."