రొద చేసే బండ

పరదేశయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. ఎన్ని ప్రశ్నలకు ఎన్ని ఆమడలు నడిచారో గాని, అట్టలు మార్చీ మార్చీ ఆ చెప్పుల్లో మొదటి తోలు గోరంత కూడా మిగల్లేదు. గోదావరి ఒడ్డున ఆయన ఆశ్రమంలో శిష్యులు ప్రశ్న అడిగేముందు కడుపునిండా తినేవారు, ఎంత దూరం నడవాల్సి వస్తుందోనని.

తిరుమలేశం మాత్రం ఆ పొద్దున తినకుండానే అడిగేశాడు. పద్నాలుగేళ్ల శుశ్రూష అతనిది. వచ్చే పున్నమికి పట్నంలో అతని మొదటి ప్రవచనానికి పందిరి వేస్తున్నారు. గురువుగారు ఊ అనడమే తరువాయి.

"స్వామీ, మీరు చెప్పిందంతా ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాను. మధ్యలో మీకు దగ్గు ఎక్కడొస్తుందో అదీ తెలుసు. పదిమందికి చెప్పడానికి నాకింకా ఏం తక్కువ?"

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. "ఉత్తరాన అడవిలో ఏడుతాళ్ల జలపాతం ఉందట నాయనా. చూసొద్దాం. ముందు నువ్వే నడువు."

రెండు బస్సులు, ఒక ట్రాక్టరు మారి, మరో నలుగురు శిష్యులతో అడవి అంచున గోండుగూడెం చేరారు. అక్కడి సోంబాయి దారి చూపడానికి ఒప్పుకుంది. ఏడు తాటిచెట్ల ఎత్తు గనుక ఆ పేరా అని అడిగితే, "పేరు వెట్టినోడు కింద నిలవడి సూసిండు, మెడ నొప్పివెట్టి ఏడు కాడ ఆపిండు" అంది. అందరి నీళ్ల సీసాలూ గుడిసెలోనే పెట్టించి, తలా ఒక ఖాళీ ఆనపకాయ బుర్ర భుజానికి తగిలించింది.

"నీళ్లు మోసుకొని నీళ్లకాడికి పోతరా సారూ? మా దిక్కు అట్ల పోరు. ఆ తల్లి చిన్నబుచ్చుకుంటది."

ఎక్కారు, ఎక్కారు. పిచుకలంతేసి జోరీగలు, గొడుగులంతేసి టేకాకులు. మధ్యాహ్నానికి నాలుకలు అట్టముక్కలైపోయాయి. సరిగ్గా అప్పుడు, గట్టు దాటగానే, నూరు రైళ్లు ఒక్కసారి వంతెన ఎక్కినట్టు రొద! తిరుమలేశం పంచె ఎగ్గట్టాడు. "అదిగో! వచ్చేశాం!" అని ఎడమవైపు లోయలోకి ఒక్క దూకు దూకాడు. సోంబాయి నోరు తెరవబోయింది. గురువుగారు పెదవిమీద వేలు పెట్టుకున్నారు.

పంచె సగం తుప్పలకిచ్చి, మోచేతి తోలు రాళ్లకిచ్చి, తిరుమలేశం అందరికంటే ముందు చేరాడు. ఎదురుగా ఆకాశాన్ని మోస్తున్నట్టు ఒక పెద్ద రాతిగోడ. దానిమీద ఒక తొండ ఎండ కాగుతోంది. చుక్క నీరు లేదు. రొద మాత్రం చెవులు పగిలేలా ఆ గోడలోంచే వస్తోంది! అతను చెవి ఆనించి చూశాడు, కుడికి పరిగెత్తాడు, ఎడమకు పరిగెత్తాడు, చివరికి బండను పిడికిలితో గుద్దాడు. వెనక చేరిన నలుగురిలో ఇద్దరు కళ్లు తిరిగి కూలబడ్డారు. తనను నమ్మి వచ్చినవాళ్లు. ఆ పొడినోళ్లు చూసి అతని మొహం బండకంటే ముందు పగిలింది.

సోంబాయి నవ్వింది. ఆ నవ్వుకు మూడు కొండల అవతల నెమళ్లు లేచిపోయాయి.

"అసలు జలపాతం ఎన్కదిక్కున్నది సారూ! దాని సప్పుడు ఈ బండకు తాకి మల్లొస్తది. మా మేకలు సుత ఇటు రావు. చెవి తోలుకపోతే ఈడికే వస్తరు. అరచెయ్యి తోలుకపోవాలె."

ఆమె రొదకు వీపు పెట్టి నడిచింది. కూలబడ్డవాళ్లను తక్కిన ఇద్దరూ లేవదీసి వెనకే నడిపించారు. నాలుగడుగులకొకసారి ఒక రాయి తిరగేసి అడుగున చెయ్యి పెట్టి చూసేది. తిరుమలేశం సిగ్గు మింగి తానూ ఒక రాయి తిరగేశాడు. పొడి. ఇంకోటి. పొడే. పదోదో పదిహేనోదో, చల్లగా తగిలింది! ఆ తర్వాతది చెమ్మ. ఆ పైది నాచుతో జారి చేతిలోంచి తప్పించుకుంది. అరచేయి పైకెత్తి చిన్నపిల్లాడిలా అరిచాడు: "తడి! స్వామీ, తడి!"

మలుపు తిరిగారు. అక్కడ ఆకాశం నిలువునా తెగి కింద పడుతోంది. నీళ్లు పడుతున్నాయో కొండే పైకి లేస్తోందో తెలియలేదు. తిరుమలేశం ఏదో అనబోయాడు, తన మాట తనకే వినిపించలేదు. అన్నీ మరిచి మెడలోతుకు దిగాడు. అతను తాగిన తాగుడికి జలపాతం జానెడు సన్నబడిందని సోంబాయి ఇప్పటికీ చెబుతుంది. ఒడ్డెక్కి, బుర్రలన్నీ తనే నింపి, కూలబడ్డ ఇద్దరికీ ముందు తాగించి, మిగతావాళ్లకు ఇచ్చి, గురువుగారి చేతిలో ఒకటి పెట్టాడు.

తిరుగుదారిలో అతనే అడిగి అందరినీ మళ్లీ ఆ రాతిగోడ దగ్గరికి తీసుకువెళ్లాడు. అది ఇంకా అలాగే గర్జిస్తోంది. తిరుమలేశం దానిమీద తడిచెయ్యి ఆనించాడు. చేతి గుర్తు చూస్తుండగానే ఆరిపోయింది.

"స్వామీ, పున్నమికి..." అన్నాడు.

గురువుగారు తల పక్కకు వంచి, కచేరీ వింటున్నంత ముచ్చటగా ఆ రొద వింటున్నారు.

"ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతోంది నాయనా," అన్నారు. "పాపం, దానికీ దాహమేనేమో."